బొగ్గుకు ఏం పెట్టమంటావు

నిజాంపేట హాస్టల్,
22 జూన్ 2025, ఆదివారం

అవ్వా,

నాన్న కింద విజిటర్స్ హాల్లో కూర్చుని ఉన్నాడు. ఇంకో ఇరవై నిమిషాల్లో గంట కొడతారు. ఈలోగా ఇది రాసి ఆయన చేతికివ్వాలి. చేరిన రోజే మా ఫోన్లన్నీ గేటు దగ్గర తీసేసుకున్నారు. ఆదివారం పూట వార్డెన్ ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు కానీ నా ముందు నలభై మంది లైన్లో ఉంటారు. అందుకని మనకు ఉత్తరాలే గతి. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పినదానివి, నీకేం కష్టం కాదులే.

ఇక బొగ్గు సంగతి. అమ్మా నాన్నా పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు పోతే మళ్లీ ఎనిమిదింటికే ఇంటికి చేరేది. వాళ్లతో అయ్యే పని కాదు, నువ్వే చూడాలి. నీకు కుక్కలంటే పడదని తెలుసు. వాడిని ముట్టుకోనక్కర్లేదు, దూరం నుంచి గిన్నెలో వేస్తే చాలు. నీలం డబ్బాలో గింజలున్నాయి, పొద్దున ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు. వాడికి తొమ్మిదేళ్లొచ్చాయి, నలభై ఒక్క కిలోలున్నాడు. ఆరు కిలోలు తగ్గకపోతే వెనక కాళ్లు పడిపోతాయని డాక్టర్ కిరణ్ పాల్ చెప్పాడు. నువ్వు తినేటప్పుడు వచ్చి పక్కన కూర్చుని నీ మొహంకేసే చూస్తాడు. చూడనీ. కరిగిపోవద్దు.

గంట కొట్టేశారు.

రోహిణి


నార్సింగి,
28 జూన్ 2025

చిరంజీవి రోహిణికి అవ్వ దీవించి రాసేది.

నీ ఉత్తరంలో అక్షరదోషాలు రెండే ఉన్నాయి. సంతోషం. నా మోకాళ్లు నువ్వు వెళ్లేనాటికి ఎలా ఉన్నాయో అలానే ఉన్నాయి. ఈ పద్నాలుగో అంతస్తు నుంచి పగలంతా రింగు రోడ్డు మీద పోయే లారీలు లెక్కపెడుతూ కూర్చుంటున్నాను.

నువ్వు చెప్పినట్టే కప్పుతో కొలిచి వేశాను. నేను డబ్బా మూత పెట్టి నడుము ఎత్తేలోపల గిన్నె ఖాళీ. ఆ తర్వాత వచ్చి నా కుర్చీ పక్కన కూర్చుంది. నేను జమ్మలమడుగు బడిలో అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని. ఈ నల్లకుక్క ముందు నా చూపు పనిచెయ్యలేదు. మూడో రోజుకు టీ బిస్కెట్లు మూడు వేశాను. నీ దగ్గర దాచడం దేనికి, అప్పటినుంచి రోజూ వేస్తున్నాను. అంట్లు తోమే జయమ్మ చూసి, "గంత పెద్ద పెయ్యికి రెండు కప్పుల గింజలేం సరిపోతయమ్మా, జర బువ్వ పెట్టరాదా" అంది. దాని మాట వినలేదు. బిస్కెట్లతోనే ఆపాను.

కుక్క గురించి పేజీ నిండా రాశావు. నువ్వేం తింటున్నావో ఒక్క ముక్క రాయలేదు. ఆ మాట ముందు రాయి.

అవ్వ


నిజాంపేట,
13 జూలై 2025

అవ్వా,

నేను బాగానే తింటున్నాను. ఇక్కడ పప్పు, సాంబారు, రోజూ ఒకటే రుచి. దాని గురించి రాయడానికేం లేదు. వారం పరీక్షలో మూడు వందల మందిలో నాది రెండువందల పద్నాలుగో ర్యాంకు. ఇది నాన్నకు వెళ్లే లిస్టులో ఎలాగూ ఉంటుంది.

బిస్కెట్లు మానెయ్యి. వాటి నిండా మైదా, చక్కెర. నీకు వాడికి ఏదో ఒకటి పెట్టకపోతే మనసు ఆగదు కాబట్టి కొవ్వు పెరగనివి చెప్తున్నాను. కేరెట్ ముక్కలు, కీరదోస, గింజలు తీసిన ఆపిల్, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్, చిలగడదుంప. పుచ్చకాయ కూడా, గింజల్లేకుండా. ఉల్లిపాయ వద్దు, చాక్లెట్ వద్దు, ద్రాక్షపళ్లు వద్దు. ఎప్పుడైనా సరే పళ్లూ కూరగాయలే పెట్టు, ఇంకేం కొనకు. నేను అప్పట్లో ఇవన్నీ కూర్చుని చదివాను, నన్ను నమ్ము.

వాడు నా గది తలుపు దగ్గర పడుకుంటున్నాడా?

రోహిణి


నార్సింగి,
30 జూలై 2025

రోహిణికి,

ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజు పని ఉందని మీ నాన్న ఈ ఆదివారం రావడం లేదు. ఈ ఉత్తరం నీ ఉతికిన బట్టల సంచీలో పెట్టి డ్రైవరుతో పంపుతున్నాను. సంచీ అడుగున సున్నుండల డబ్బా ఉంది. నువ్వు బాగానే తింటున్నానని రాసిన తీరు నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్లలో ఎంతమంది పిల్లలు అలా చెప్పడం విన్నానో.

నీ జాబితా చీటీగా రాసి ఫ్రిజ్‌కు అంటించి ఒక్కొక్కటీ చూశాను. కేరెట్ ముక్కలు నా ముందు నోట్లో పెట్టుకుని, సోఫా వెనక్కి పోయి ఉమ్మేసి వచ్చింది. జయమ్మ ఊడుస్తుంటే ఎనిమిది ముక్కలు దొరికాయి. కీరదోస వాసన చూసి తల తిప్పుకుంది. ఆపిల్ పరవాలేదు కానీ అది రోజూ ఇంట్లో ఉండదు. చివరికి దానికి నచ్చినది దొరికింది. మొన్న శ్రావణ శుక్రవారం పరవాన్నానికి కిస్‌మిస్ ఏరుతుంటే రెండు కింద పడ్డాయి. రెండూ నాకేసి, ఇంకా ఉన్నాయేమోనని నేలంతా వెతికింది. పండే కదా, చక్కెర కలిపింది కాదు, నూనెలో వేయించింది కాదు. నీకు చిన్నప్పుడు రక్తం తక్కువని నానబెట్టి పెట్టినవి ఇవే. ద్రాక్షపళ్లు వద్దన్నావు, పుల్లగా ఉండి గొంతు పట్టేస్తుందని కాబోలు. ఇవి తియ్యనివి, ఎండినవి. గోరువెచ్చని నీళ్లలో కడిగి సాయంత్రం పూట గుప్పెడు పెడుతున్నాను. నా అరచేతిలోంచే తింటుంది. కుక్క నాలుక ఇంత మెత్తగా ఉంటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

బిస్కెట్లు పూర్తిగా మానేశాను. నీకు సంతోషమేనా?

అవ్వ


నిజాంపేట,
6 ఆగస్టు 2025, బుధవారం

అవ్వా,

కిస్‌మిస్ ఆపెయ్యి. ఇది చదువుతున్న నిమిషమే ఆపెయ్యి. ద్రాక్ష పచ్చిదైనా ఎండినదైనా కుక్కలకు విషం. మూత్రపిండాలు పోతాయి. వాడిని వెంటనే కిరణ్ పాల్ దగ్గరికి తీసుకెళ్లండి, ఎన్ని రోజులు తిన్నాడో, ఎంత తిన్నాడో చెప్పండి.

నీ సంచీ శనివారమే వచ్చిందట. పరీక్షలున్నాయని వార్డెన్ ఇవాళ్టిదాకా ఇవ్వలేదు. చదవగానే పరిగెత్తుకుంటూ ఆమె దగ్గరికి పోయాను. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది. మా కుక్కకి అన్నాను. అయితే ఆదివారం లైన్లో నిలబడు అంది. లెక్కల సార్‌ని బతిమాలి నాన్న నంబరు రాసిచ్చాను. చేస్తానన్నారు. చేశారో లేదో తెలియదు. ఆఫీసు ముందున్న పోస్టు డబ్బాలో దీన్ని వేస్తున్నాను. రోజుకు గుప్పెడంటే ఎన్ని అవ్వా?

రోహిణి


నార్సింగి,
11 ఆగస్టు 2025

రోహిణికి,

నీ ఉత్తరం ఇవాళ అందింది. మీ సారు ఫోను గురువారమే వచ్చింది. అంతకుముందే నేను వాటిని ఆపాను. బొగ్గుకు కొంచెం కడుపు చెడితే డాక్టరుకు చూపించాము. మందులిచ్చాడు, కొత్త ఆహారం ఏదో రాశాడు. ఇప్పుడు బాగుంది. నువ్వు దిగులు పెట్టుకోకుండా చదువుకో.

మీ నాన్న దీన్ని ఆదివారం తెచ్చి ఇస్తాడు. చదివి, సరేనన్నాడు.

అవ్వ


నిజాంపేట,
17 ఆగస్టు 2025

అవ్వా,

నీ ఉత్తరం ఎప్పుడూ రెండు పేజీలుంటుంది. ఈసారి తొమ్మిది వాక్యాలే ఉన్నాయి. నాన్న కూడా బాగుంది బాగుంది అంటూ నా వైపు చూడకుండా గోడ మీది టైంటేబుల్ చదువుతున్నాడు.

వాంతులయ్యాయా? మూత్రం సరిగ్గా పోస్తున్నాడా? రక్తపరీక్షలో ఏం వచ్చింది? కొత్త ఆహారం అంటే కిడ్నీలకిచ్చేదేనా? వీటిలో ఒక్కదానికి కూడా జవాబు రాయలేదు. నేను స్పష్టంగా ద్రాక్ష వద్దని రాశాను. అయినా నీకు తోచింది పెట్టావు. ఎవరికైనా ఏదైనా పెట్టేదాకా నీకు ఊపిరాడదు, వాళ్లకు పడుతుందో లేదో నీకనవసరం. ఇకమీద వాడికి నీ చేత్తో ఏమీ పెట్టొద్దు. నాన్నే పెట్టాలి.

సున్నుండల డబ్బా నాన్నతో తిప్పి పంపుతున్నాను. మూత తియ్యలేదు.

రోహిణి


నార్సింగి,
29 ఆగస్టు 2025

రోహిణికి,

వారం రోజులుగా రాయాలని కూర్చోవడం, లేవడం. నీకు కోపం ఉండాల్సిందే.

నువ్వు చెప్పినట్టే చేత్తో పెట్టడం మానాను. మీ నాన్న ఆఫీసుకు వెళ్లేముందు ఆ కొత్త గింజలు నీళ్లలో నానబెట్టి గిన్నెలో వేసి పోతున్నాడు. సాయంత్రం మీ అమ్మ వచ్చి అవే పారబోసి మళ్లీ వేస్తుంది. వాడు గిన్నె వైపు పోవడం లేదు. నేను కుర్చీ బాల్కనీలోకి మార్చుకున్నాను. నేను కనిపిస్తే వచ్చి పక్కన కూర్చుంటాడు, పెట్టకుండా ఉండటం నావల్ల కాదు.

నిన్న డాక్టరు మళ్లీ చూశాడు. పథ్యం మొత్తం తీసేశాడు. ఇక దేనికీ అడ్డు లేదట, వాడికి ఏది ఇష్టమైతే అది పెట్టమన్నాడు. వాడి ఇష్టాలు ఈ ఇంట్లో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. బొగ్గుకు ఏం పెట్టమంటావో రాయి. మీ నాన్న ఆదివారం వస్తాడు కదా, ఆయన చేతికే ఇచ్చి పంపు. ఆలస్యం చెయ్యకు పాపా.

అవ్వ


నిజాంపేట,
31 ఆగస్టు 2025

మా మంచి అవ్వా,

నాన్న నీ ఉత్తరం చేతికిచ్చి టీ తాగడానికి వెళ్లాడు. నేను ఇక్కడే మెట్ల మీద కూర్చుని మూడుసార్లు చదివాను. పథ్యం తీసేశాడంటే రక్తపరీక్ష మామూలుగా వచ్చిందన్నమాట. ఈ నెలలో నేను సరిగ్గా ఒక్క పూట కూడా తినలేదు. ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెప్తున్నాను. మొన్న ప్రేయర్లో కళ్లు తిరిగి పడిపోయాను కూడా. ఏం కాలేదు, గ్లూకోజు నీళ్లు తాగించారు. ఇవాళ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బా మళ్లీ పంపు. వాడికి నువ్వే పెట్టు, నీ చేత్తోనే.

ఇప్పుడు వాడి లిస్టు. నెయ్యి రాసిన ఇడ్లీ, చట్నీ లేకుండా. సర్వీసు రోడ్డులో బండి మీద అమ్మే మొక్కజొన్న, ఉడికించినది, గింజలు వలిచి. వెనీలా ఐస్‌క్రీమ్ ఒక్క చెంచా. ఇంకోటి ఉంది, కోప్పడకు. ఆరో అంతస్తు స్వాతి వాళ్లింట్లో వాడికి ఉడికించిన గుడ్డు పెట్టేదాన్ని. మన ఇంట్లోకి రానివ్వవని ఎప్పుడూ చెప్పలేదు. వాడికి అన్నిటికంటే అదంటేనే ప్రాణం. జయమ్మతో స్వాతి వాళ్లింట్లో ఉడికించి తెప్పించు. నువ్వు ముట్టుకోనక్కర్లేదు.

రోజుకొకటే సుమా. అన్నీ ఒకేసారి పెడితే మళ్లీ లావెక్కుతాడు. నేను దసరా సెలవులకు వచ్చేసరికి ముప్పై ఐదు కిలోలు ఉండాలి.

రోహిణి


నిజాంపేట, మీ హాస్టల్ గేటు దగ్గర,
8 సెప్టెంబరు 2025, సోమవారం

రోహిణీ,

జయమ్మ కారు బుక్ చేసి ఎక్కించింది. మీ అమ్మానాన్నలకు తెలియదు. నీకు నోటితో చెప్పాలని వచ్చాను. ఆదివారం తప్ప ఎవరినీ లోపలికి పంపరట. వీరేశం అనే వాచ్‌మన్ ఆఫీసులోకి రెండుసార్లు పోయి అడిగి వచ్చాడు. "ఆళ్లు ఒప్పుకుంటలేరమ్మా. నువ్వు చిట్టీ రాసియ్యి, నేను పాప చేతికే ఇస్త" అని తన కుర్చీ నాకు వేశాడు. నీకు చెప్పాల్సింది ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు.

బొగ్గు శుక్రవారం పొద్దున పది గంటలకు పోయాడు. నేను పక్కనే ఉన్నాను.

నీ ఆగస్టు ఉత్తరం రాకముందే వాడికి వాంతులు పట్టుకున్నాయి. ఆ నెల మూడో తారీఖున కిరణ్ పాల్ దగ్గరికి తీసుకుపోయాము. ఆయన కడుపు తడిమి చూసి, "ద్రాక్ష గానీ కిస్‌మిస్ గానీ ఏమైనా పెట్టారా అండీ?" అని అడిగాడు. రోజుకో గుప్పెడు, పది రోజులు అన్నాను. ఆయన అది కాగితం మీద రాసుకున్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో. నాలుగు రోజులు కాలికి సూది గుచ్చి సీసాలు ఎక్కించారు. రెండు మూత్రపిండాలూ పోయాయన్నారు. పిల్ల పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని మీ నాన్న అన్నాడు. ఆయనను తప్పుపట్టకు. నేను సరేనన్నాను, నా చేత్తోనే బాగుందని రాశాను.

డాక్టరు పథ్యం ఎందుకు తీసేశాడో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ఆ ఉత్తరం చదివితే నువ్వే గ్రహిస్తావనుకున్నాను. లోపల ఎక్కడో గ్రహించకూడదని కూడా అనుకున్నాను. నీ జవాబు వచ్చింది. నువ్వు రెండుసార్లు అన్నం పెట్టించుకున్న సంగతి చదివి, ఇక నిజం రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. ముప్పై ఐదు కిలోలు ఉండాలని రాశావు. ఆ రోజుకు వాడు ఇరవై తొమ్మిది ఉన్నాడు.

అయినా నీ జాబితా ప్రకారమే పెట్టాను. సోమవారం ఇడ్లీ. వాసన చూసి తల కింద పెట్టాడు. మంగళవారం మొక్కజొన్న, అసలు చూడలేదు. బుధవారం ఐస్‌క్రీమ్ రెండుసార్లు నాకాడు. గురువారం జయమ్మ రాలేదు. స్వాతి వాళ్లింటికి తాళం. నేనే లిఫ్టులో కిందికి దిగి కొట్టుకు పోయి రెండు గుడ్లు తెచ్చాను. బాల్కనీలో కరెంటు పొయ్యి పెట్టి ఉడికించాను. ఎంతసేపు ఉంచాలో తెలియదు. ఒకటి పగిలింది. రెండోది వలుస్తుంటే పెంకుతో పాటు సగం తెల్లసొన వచ్చేసింది. డెబ్భై ఒక్క ఏళ్లలో నేను గుడ్డు ముట్టుకోవడం అదే మొదలు. పళ్లెంలో పెడితే వాడు లేవలేకపోయాడు. నేల మీద కూర్చుని అరచేతిలో పెట్టి మూతి దగ్గర పట్టుకున్నాను. లోపలి పచ్చసొన సగం తిన్నాడు. ఆ తర్వాత నా చెయ్యి నాకుతూ ఉండిపోయాడు. వాడు తిన్నది అదే ఆఖరు.

బాధపడ్డాడా అని నువ్వు అడుగుతావు. మొదటి వారం పడ్డాడు. శుక్రవారం పడలేదు. ఊపిరి నెమ్మదిగా దూరం దూరమైంది, అంతే. నీ గది తలుపు దగ్గరే పడుకోబెట్టాము. పూడ్చడానికి తీసుకెళ్లేటప్పుడు మీ నాన్న ఆఫీసు నుంచి వచ్చి కారు వెనక సీట్లో వాడిని పట్టుకుని కూర్చున్నాడు, డ్రైవరు నడిపాడు. తిరిగొచ్చి మీ నాన్న గిన్నె కడుగుతుంటే మీ అమ్మ ఆపింది.

నువ్వు కళ్లు తిరిగి పడ్డావన్న మాట నా గుండెలో ఉండిపోయింది. నీకూ వాడికీ ఏం పెట్టాలో నాకు తెలుసనే అనుకుంటూ వచ్చాను.

సాయంత్రం దాకా ఈ గేటు దగ్గరే ఉంటాను. తిట్టినా సరే, రాసి పంపు.

అవ్వ


అదే రోజు, మూడో అంతస్తు

అవ్వా,

ఫిజిక్స్ క్లాసు మధ్యలో వీరేశం అంకుల్ తెచ్చిచ్చాడు. సార్ చదువుకోనిచ్చారు. స్లిప్ టెస్టు కాగితం వెనక రాస్తున్నాను, ఇంకేం దొరకలేదు.

కిస్‌మిస్ గురించి నీ మీద కోపం లేదు. ద్రాక్షపళ్లు అని రాసి ఎండినవి కూడా అని రాయనిది నేనే. బిస్కెట్లు మానిపించి పండ్లే పెట్టమన్నదీ నేనే. ఆ రోజు బిస్కెట్లే పెట్టుకోమని ఉంటే బాగుండేది. నెల రోజులుగా అదే తిరుగుతోంది తలలో.

కానీ ఆ లిస్టు నేను నవ్వుతూ రాశాను. నువ్వు రాయనిచ్చావు. దానికి నీ మీద కోపం ఎప్పుడు పోతుందో నాకు తెలియదు. ఇప్పుడైతే పోలేదు.

గుడ్డు తిన్నాడన్న చోట ఆగిపోయాను. మిగతాది రెండోసారికి చదివాను.

ఇక్కడ ఏడవడానికి చోటు లేదు, గదిలో అరవై మందిమి ఉన్నాం. కిందికి పంపమని వార్డెన్‌ను అడిగాను. నాన్న ఫోన్ చేసి చెప్తేనే పంపుతుందట. ఆయన మీటింగులో ఉన్నాడో ఏమో, ఫోన్ ఎత్తడం లేదు. నాలుగుంపావుకు పది నిమిషాలు విరామం ఇస్తారు. మా కిటికీలకు జాలీ ఉంది, చెయ్యి బయటికి రాదు. ఎడమ నుంచి రెండో కిటికీ. అక్కడ నిలబడతాను. ఇక్కడినుంచి గేటూ, నీ తెల్ల గొడుగూ కనిపిస్తున్నాయి. నీకు నా మొహం కనిపించకపోవచ్చు.

ఎండలో నిలబడకు, కుర్చీలోనే కూర్చో. నాలుగుంపావు దాకా వెళ్లకు.

రోహిణి